కెంజెబాయ్ తోటలో ఒరాజ్‌బెక్ పురుగులు

మా మామగారు కెంజెబాయ్‌కి ఆపిల్ కోసే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపే అలవాటుంది. లోపల గింజలు గలగలమంటే కాయ పక్వానికి వచ్చిందని ఆయన లెక్క. ఆ ఆగస్టులో ఒక ఆదివారం టీ దగ్గర కూర్చుని అలాగే ఒక కాయ ఊపి, చాకుతో రెండు చెక్కలు చేశారు. గింజలుండాల్సిన చోట లేత గులాబీ రంగు పురుగొకటి, నిద్రలో లేపినట్టు ఒళ్లు విరుచుకుని తలెత్తింది.

"రౌషన్, ఇలా రామ్మా," అని పిలిచారు. "మీ పుట్టింటి నుంచి చుట్టం వచ్చాడు. పియాలా కడిగి టీ పొయ్యి."

నేను నవ్వేశాను. అప్పటికి అది నవ్వుకునే మాటే.

మా నాన్న ఒరాజ్‌బెక్ తోట కొండ మీద, అడవి ఆపిల్ చెట్లు మొదలయ్యే అంచున ఉంది. మామగారి తోట కింద, ఆల్మాటీ రోడ్డు పక్కన. రెండింటి మధ్యా ఒక వాగు. పొద్దు వాలేసరికి మంచుకొండల మీది గాలి కిందికి దిగుతుంది. ఆ గాలిని పట్టుకుని మామగారు ఒక సిద్ధాంతం అల్లుకున్నారు. కాయ తొలిచిన పురుగు గూడు కట్టుకుని, రెక్కల పురుగై, సాయంత్రం గాలెక్కి, నాన్న తోటలోంచి తిన్నగా ఆయన తోటలో దిగుతోందట. నాన్న పెంచుతాడు, ఆయన మేపుతారు.

నాన్న దగ్గర అంతకంటే మంచి సిద్ధాంతం ఉంది. పళ్ల లారీలన్నీ ఆగేది మామగారి తోట గేటు ముందు. "లారీ ఉండగా పురుగు రెక్కలు ఎందుకు నొప్పి పెట్టుకుంటుందే?" అనేవాడు. "మీ మామ తోట తోట కాదు, పురుగుల బస్టాండు. అక్కడ దిగి, టీ తాగి, పైకి నా దగ్గరికి బయల్దేరతాయి."

వీళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. సైన్యంలో ఒకే వంటశాలలో ఉల్లిపాయలు తరిగినవాళ్లు. వియ్యమందాక మాత్రం మర్యాదలు ఎక్కువై స్నేహం కాస్త పలచబడింది. నాన్నవి ఆపోర్ట్ రకం ఆపిల్ చెట్లు, తాతలనాటివి. నిచ్చెన వేసి కోయాలి, కాయ పసిపిల్ల తలంత ఉంటుంది. మామగారివి కొత్తరకం పొట్టి చెట్లు, తీగలకు కట్టి పెంచినవి. "బావగారి చెట్లు ఎక్కాలంటే ముందు వీలునామా రాయాలి," అని ఈయన, "బావగారి చెట్లకు నీళ్లు పోయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, చెట్లా అవి, టమాటాలా?" అని ఆయన. అదంతా వినోదమే.

ఆ ఏడు వినోదం ముదిరింది. రెండు తోటల్లోనూ కాయలు తొలుచుకుపోయి రాలుతున్నాయి. మందు కొట్టినా పురుగు చావడం లేదు. మామగారు ప్రతి పొద్దునా ఒక పురుగు ఫోటో తీసి నాన్న ఫోనుకు పంపేవారు. కింద రాసేవారు: "మీవాడు క్షేమంగా చేరాడు. కంగారు పడకండి." నాన్న ఊరుకుంటాడా? లోపలంతా గుల్లైన కాయ ఫోటో తీసి తిరుగు టపాలో పంపేవాడు: "మీవాడు తిని, చెప్పకుండా వెళ్లిపోయాడు. పెంపకం తెలుస్తోంది."

నేనూ, మా ఆయన మేదెత్ ఆల్మాటీలో ఉంటాం. ఆయన దంతాల డాక్టరు. నేను మొక్కల జబ్బులూ పురుగులూ చూసే పరిశోధనశాలలో పనిచేస్తాను. నా పని సరిగ్గా ఈ పురుగులే. ఏ ప్రాంతపు పురుగు ఏ ప్రాంతపు పురుగుకు చుట్టమో, ఒక్కో గుంపులో జన్యువులు ఎంత రకరకాలుగా ఉన్నాయో చూస్తాను. సెలవురోజుల్లో మా పాప ఇంజుని తీసుకుని ఊరికి వెళ్తే అక్కడా పురుగు గోలే. మేదెత్ మాత్రం హాయిగా ఉండేవాడు. "నాకు కన్నాలంటే పంటి కన్నాలే తెలుసు, కాయ కన్నాల సంగతి నాకు తెలీదు," అని తప్పించుకునేవాడు.

నిజంగా చెడింది ఎక్కడంటే, మా చుట్టాల పెళ్లి విందులో. మాంసం పళ్లెం ఇంకా రాలేదు. ఎవరో ఈ ఏడు కాపు ఎలా ఉందని అడిగారు. మామగారు అందరూ వినేలా, "కాపు బ్రహ్మాండం, మా బావగారికి బద్ధకం లేకపోతే ఇంకా బ్రహ్మాండం. ఆయన మందు కొట్టడు. పురుగులకు పిల్లనిచ్చి పెళ్లి చేస్తాడు," అన్నారు. బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు.

నాన్న నవ్వలేదు. నాన్నను ఏమన్నా అనొచ్చు గానీ బద్ధకస్తుడని అనకూడదు. వెన్నునొప్పితో కూడా నిచ్చెనెక్కే మనిషి. మెల్లగా లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. మాంసం ముట్టకుండా విందులోంచి లేచి వెళ్లడమంటే మా వైపు అది చిన్న విషయం కాదు. గుమ్మం దగ్గర ఆగి మామగారితో, "కెంజెబాయ్, నీ ఇంటి గడప నేను తొక్కను," అన్నాడు. బావగారు అనలేదు, కెంజెబాయ్ అన్నాడు.

మామగారి మొహం పాలిపోయింది. కానీ పౌరుషం. "తొక్కకపోతే మానెయ్, గడప అరగకుండా ఉంటుంది," అన్నారు.

ఆ రోజుల్లోనే ఇంజు గోడ పట్టుకుని నడుస్తోంది. తొలి అడుగులేసే పిల్ల కాళ్లకు నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కట్టి, పెద్దలొకరు దాన్ని కోస్తేగానీ మాకు నడక మొదలైనట్టు కాదు. ఆ వేడుక మామగారింట్లో పెట్టుకున్నాం. తాత రాకుండా ఆ తాడు ఎలా కోస్తాం? అమ్మ ఫోన్లో ఏడ్చింది. మా అత్తగారు ఉల్బొసిన్ ఏడవలేదు. ఆవిడ ఏడ్చే రకం కాదు. నన్ను వంటింట్లోకి పిలిచి పిండి కలుపుతూ అన్నారు:

"నువ్వు చదివింది పురుగుల చదువే కదా?"

"అవునత్తయ్యా."

"అయితే తేల్చు. ఎవరి తోటలోంచి ఎవరి తోటలోకి పోతున్నాయో."

"అత్తయ్యా, ఒకవైపు మా నాన్న, ఒకవైపు మామయ్య. నన్ను న్యాయం చెప్పమంటారా? ఏం తేలినా నా పీకకే చుట్టుకుంటుంది."

"పిండి చూడు, ఎంత జిగురుగా ఉందో. పిసికితేనే కదా రొట్టె అయ్యేది?" అని ఆవిడ నా చేతికి గిన్నె ఇచ్చేశారు. "నువ్వు తేల్చకపోతే వీళ్లిద్దరూ చచ్చేదాకా ఇంతే. నేను చూశాను, ఒకసారి ఒక గొడ్డలి కోసం ఏడాది మాట్లాడుకోలేదు."

మామగారూ, నాన్నా విడివిడిగా ఒప్పుకున్నారు. ఇద్దరికీ తామే గెలుస్తామని గట్టి నమ్మకం. మామగారికి మాత్రం నా పరిశోధనశాల మిషను మీద ఒక సందేహం.

"అయితే నీ మిషను పురుగును ఏడు తరాల తాతల పేర్లు చెప్పమంటుందా?"

మాలో ఏడు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పలేనివాణ్ణి అనాథ అంటారు. ఏడు తరాల లోపు కలిస్తే పెళ్లి కుదరదు. అందుకని మామగారి ప్రశ్న వేళాకోళం కాదు.

"పేర్లు అడగదు మామయ్యా, పోలికలు చూస్తుంది. పెళ్లిపాట అందరిళ్లలోనూ ఒకటే కదా. కానీ మీ వాళ్లు పల్లవి నాలుగుసార్లు తిప్పుతారు, మావాళ్లు ఆరుసార్లు తిప్పుతారు, అవునా?"

"మీవాళ్లు ఎప్పుడూ సాగదీస్తారు."

"పురుగు ఒంట్లోని రాత కూడా అలాంటిదే. కొన్నిచోట్ల ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది తల్లీ తండ్రీ ఇచ్చిపోయేది. అలాంటి చోట్లు చాలా చూస్తే ఏ పురుగు ఏ గుంపుదో తెలుస్తుంది."

మామగారు గడ్డం నిమురుకున్నారు. "ఒరాజ్‌బెక్ పురుగులు సాగదీసి పాడతాయి, చూస్తూ ఉండు."

రెండు తోటల్లోనూ అట్టతో చేసిన చిన్న చిన్న గుడారాలు కట్టాను. అడుగున జిగురు అట్ట, మధ్యలో ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు ముక్క. ఆ వాసనకు మగ పురుగులు ఎగురుకుంటూ వచ్చి జిగురులో కూర్చుండిపోతాయి. అత్తగారు గుడారంలోకి తొంగిచూసి, "మగజాతంతా ఇంతే. తల్లి చెప్పినా వినరు," అన్నారు. మేదెత్ ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

మళ్లీ వారం ఊరికి వెళ్లేసరికి మధ్యాహ్నం టీ వేళ. మామగారు కంబళి మీద బిర్రబిగుసుకుని కూర్చుని ఉన్నారు. తల మీద టోపీ. ఇంట్లో ఆయన టోపీ పెట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఉక్కగా ఉంది, టోపీ తియ్యండి," అన్నారు అత్తగారు.

"చలిగా ఉంది."

"ఎండ మండిపోతుంటే చలేమిటి?"

"వయసొచ్చింది. తలకు చలి."

అత్తగారు వెనక నుంచి వెళ్లి టోపీ పట్టుకుని లాగారు. మామగారు కెవ్వుమన్నారు. టోపీ రాలేదు, టోపీతో పాటు తలే వెనక్కి వచ్చింది. లోపల ఏదో అతుక్కుపోయి ఉంది. పక్కలు ఎత్తి చూస్తే జిగురు అట్ట! దానికి ఒకవైపు టోపీ, ఒకవైపు మామగారి జుట్టు, మధ్యలో చచ్చిపడిన రెక్కల పురుగులు.

"ఎక్కడిదిది?" అన్నారు అత్తగారు.

మామగారు పైకప్పు వైపు చూశారు.

అంతలో నా ఫోను మోగింది. అమ్మ. "రౌషన్, ఆ జిగురు దేనితో పోతుందే? కిరసనాయిలు పుయ్యనా?"

"ఎందుకమ్మా?"

"మీ నాన్న చొక్కా లోపల ఏదో అట్ట దాచుకుని వచ్చాడు. ఛాతీకి అతుక్కుపోయింది. లాగితే గుర్రంలా తంతున్నాడు."

సంగతి మెల్లగా బయటికొచ్చింది. మామగారి ఆలోచన ఏమిటంటే, నాన్న తోటలోని అట్ట తెచ్చి తన గుడారంలో పెడితే, "ఇదిగో, ఒరాజ్‌బెక్ పురుగులు నా తోటలో దొరికాయి," అని రుజువైపోతుంది. అందుకని వాగు దాటి పైకి వెళ్లారు. సరిగ్గా అదే పొద్దున, అదే ఆలోచనతో నాన్న వాగు దాటి కిందికి వచ్చాడు. తిరుగు దారిలో ఇద్దరూ నడి వాగులో ఎదురుపడ్డారు. ఒకరు టోపీలో, ఒకరు చొక్కాలో దొంగసొత్తు పెట్టుకుని. ఇద్దరూ పుట్టగొడుగుల కోసం వచ్చామని ఒకరికొకరు చెప్పుకున్నారట. ఆ కాలంలో పుట్టగొడుగులు ఎక్కడివి?

వెన్న రాసి, కత్తెర పట్టి, అత్తగారు మామగారిని విడిపించారు. నడినెత్తి మీద పియాలా మూతి అంత బట్టతల మిగిలింది. నాన్న ఛాతీ సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ అట్టలన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కింది తోటకు అత్తగారు కాపలా, పై తోటకు అమ్మ కాపలా. పైన అడవి ఆపిల్ చెట్లలో కూడా గుడారాలు కట్టాను. దొరికిన పురుగులను సారాయి సీసాల్లో వేసి ఆల్మాటీకి పట్టుకుపోయాను.

మా పెద్ద మేడం లుద్మీలా పావ్లోవ్నా సీసాల మీద రాసిన ఊళ్లపేర్లు చూసి కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇది మీ పుట్టిల్లు, ఇది మీ అత్తిల్లు. రౌషన్, ఈ మిషన్లు సంసారాలు చక్కబెట్టడానికి కాదమ్మా."

"మేడం, అడవి పక్కన ఒక తోట, రోడ్డు పక్కన ఒక తోట, మధ్యలో వాగు. ఇలాంటి చోటు మనం ఎప్పుడూ చూడలేదు కదా?"

ఆవిడ ఒక సీసా వెలుతురుకు పెట్టి చూసింది. "అది నిజమే," అంది. "సరే, చెయ్యి. కానీ మీ మామగారు ఫోన్ చేస్తే నేను ఎత్తను."

ఎందుకన్నదంటే మామగారు అప్పటికే పరిశోధనశాల నంబరు సంపాదించి రెండుసార్లు చేసి ఉన్నారు. నాన్న పద్ధతి వేరు. నాకు ఫోన్ చేసి ఇంజు పళ్ల గురించి, మేదెత్ దగ్గు గురించి, మా మేడమీద ఇల్లు వెచ్చగా ఉందా అని అడిగి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు, "ఆఁ, ఆ పురుగుల సంగతి ఏమైనా...?" అనేవాడు.

ఒక్కో పురుగు కాలు విరిచి, గొట్టంలో వేసి, కరిగించి, మిషనుకు పెట్టాను. ఫలితం తెర మీద చుక్కలుగా వచ్చిన రోజు నేను కుర్చీలోంచి లేవలేదు. మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను. లుద్మీలా పావ్లోవ్నా కూడా వచ్చి నా భుజం మీదుగా వంగి చూసింది. "వీటిని ఎక్కడ చూశాను నేను?" అని ఒక మూల చుక్కల గుంపు మీద వేలు పెట్టింది. మంచుపెట్టెలోని పాత నమూనాల రాతతో సరిపోల్చాం. సరిపోయాయి. నాకు నవ్వు ఆగలేదు, భయం కూడా ఆగలేదు.

తీర్పు ఎక్కడ చెప్పాలన్నదే పెద్ద చిక్కు. నాన్న మామగారి గడప తొక్కడు. మామగారు తానుగా పైకి రారు. ఆఖరికి అమ్మా, అత్తగారూ మాట్లాడుకుని వాగు ఒడ్డున గుడ్డ పరిచారు. ఒకటి కాదు, రెండు. ఆ ఒడ్డున నాన్న, ఈ ఒడ్డున మామగారు. మధ్యలో వాగు, గట్టిగా ఒక అంగ వేస్తే దాటొచ్చు. నేను నీళ్ల మధ్య రాయి మీద నిలబడ్డాను. నూనెలో వేయించిన పిండి ముక్కలు, బౌర్సాక్, ఆ పళ్లెం అటూ ఇటూ నేనే అందించాలి. మేదెత్ ఇంజుని ఎత్తుకుని దూరంగా, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు.

"తొందరగా చెప్పు," అన్నారు మామగారు. "ఎవరి పురుగులు?"

"ఇద్దరివీ."

"అంటే సగం సగమా?" అన్నాడు నాన్న.

"కాదు నాన్నా. ఇది నీ తోట, అది మామయ్య తోట అని మనం అనుకుంటున్నాం. పురుగుకు ఆ సంగతి తెలీదు. రెండు తోటల్లోనూ ఉన్నది ఒకే మంద. పైవి కిందికి పోతాయి, కిందివి పైకి పోతాయి, పెళ్లిళ్లు చేసుకుంటాయి. ఎటునుంచి ఎటని గీత గియ్యడం కుదరదు."

"మనకంటే ముందే వియ్యమందుకున్నాయన్నమాట," అన్నారు అత్తగారు టీ పోస్తూ.

మామగారు వదల్లేదు. "ఉండు. ఒకే మంద అయితే ఒకే పోలిక ఉండాలి కదా? అన్నీ అన్నదమ్ములేనా?"

"అదే వింత మామయ్యా. ఏ రెండూ ఒకేలా లేవు. పక్కపక్క కొమ్మల మీద దొరికిన వాటిలో కూడా ఎంతో తేడా ఉంది. దగ్గర చుట్టాలతో జతకట్టినట్టే లేదు. అడవిలో ఉన్నవి ఇంకా రకరకాలు. ఇక్కడ ఆపిల్ పుట్టినప్పుడే ఇవీ పుట్టాయి కాబోలు."

నాన్న తల ఊపాడు. కోపంలో ఉన్నా కాస్త గౌరవంగా అన్నాడు, "నియమం పాటిస్తున్నాయి. ఏడు తరాలు చూసుకుంటున్నాయి."

"మా మేనల్లుడొకడు పెళ్లికి అది కూడా చూసుకోలేదు," అన్నారు మామగారు ఇవతలి ఒడ్డు నుంచి. అంతలోనే తాను నాన్నతో మాట్లాడుతున్నానని గుర్తొచ్చి మొహం తిప్పుకున్నారు.

"కానీ ఇంకొకటుంది," అన్నాను. "రెండు తోటల్లోనూ కొన్ని పురుగులు వేరే జాడవి. అడవిలో అవి లేవు. దక్షిణాది తోటల పురుగులతో అచ్చు సరిపోయాయి. అక్కడ ఈ మందులు ఎప్పటినుంచో పనిచెయ్యడం లేదు. మన తోటల్లో మందుకు లొంగనివి ఇవీ, వీటి పిల్లలూనే. అంత దూరం ఈ పురుగు ఎగరలేదు. ఎవరో మోసుకొచ్చారు."

"నేను కాదు," అన్నారు మామగారు.

"నేను అసలే కాదు," అన్నాడు నాన్న.

"పాత చెక్కపెట్టెల సందుల్లో గూళ్లు కట్టుకుని చలికాలమంతా పడుకుంటాయి. ఎవరైనా అటువైపు నుంచి పెట్టెలు తెచ్చారా?"

నాన్న ఒడ్డున అమ్మ పియాలా కింద పెట్టింది. ఆ చప్పుడు నాకు వినిపించింది.

"రౌషన్ పెళ్లికి ముందు వసంతంలో," అంది అమ్మ, ఎవరి వైపూ చూడకుండా, "మీరిద్దరూ కలిసి లారీ వేసుకుని బజారుకు వెళ్లలేదూ? అక్కడ దక్షిణాది వ్యాపారి ఒకడు పాత పెట్టెలు ఊరికే తీసుకుపోండి అన్నాడని, లారీ నిండా వేసుకుని, దారి పొడవునా పాటలు పాడుకుంటూ వచ్చారు."

"భుజాల మీద చేతులేసుకుని దిగారు," అన్నారు అత్తగారు. "సగం మీకు, సగం మాకు అని పంచుకున్నారు. నా కోడలికి సారె ఆపిల్స్ వచ్చింది కూడా వాటిలోనే."

నాకు ఆ సారె బాగా గుర్తుంది. పెట్టెలకు ఎర్ర రిబ్బన్లు కట్టి నా వెనకే పంపించారు. అందరూ నన్ను చూసి కోడలితో అదృష్టం వచ్చిందన్నారు. అదృష్టంతో పాటు ఇంకా ఎవరెవరు వచ్చారో ఇప్పుడు తెలిసింది.

మామగారే ముందు అందుకున్నారు. "నేను ఆ రోజే వద్దన్నాను."

"ఎవరు వద్దన్నారు?" నాన్న లేచి నిలబడ్డాడు. "పెట్టెలు లారీ మీదికి విసిరిందెవరు? 'ఒరాజ్‌బెక్, ఇంకో వరస పడుతుంది, పట్టు పట్టు' అన్నదెవరు?"

"నువ్వు పట్టావు కాబట్టే విసిరాను!"

"విసిరితే పట్టక, తల మీద పడెయ్యమంటావా?"

"ఊరికే ఇస్తున్నాడంటే అనుమానం రావద్దూ నీకు?"

"నీకు వచ్చిందా?"

"నాకెందుకు వస్తుంది? నువ్వున్నావుగా పక్కన, పెద్దమనిషివి!"

ఆ మాట సరిగా వినపడలేదో, ఇంకా బాగా వినాలనిపించిందో, నాన్న ఒక్క అంగలో వాగు దాటేశాడు. మామగారి ఎదురుగా గుడ్డ మీద కూలబడి, వేలు చూపిస్తూ బజారులో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మామగారు మధ్యమధ్యలో, "అబద్ధం," "అది వేరే లారీ," "నీకు అప్పుడే కళ్లు కనపడవు," అంటున్నారు. మాట మీద మాట పెరిగి గొంతు ఎండింది. నాన్న చెయ్యి చాచి మామగారి పియాలా తీసుకుని ఒక్క గుక్కలో తాగి, "ఇందులో పాలు తక్కువ," అని మళ్లీ పోట్లాటలోకి దిగాడు.

అత్తగారు నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నారు. నేను పళ్లెం పట్టుకుని రాయి మీదే నిలబడ్డాను. అవతలి ఒడ్డున అమ్మ తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంటోంది. ఏడుస్తోందో నవ్వుతోందో అక్కణ్ణించి తెలియలేదు.

చాలాసేపటికి ఇద్దరికీ అలుపొచ్చింది. నాన్న తన కాళ్లకేసి చూసుకున్నాడు. ఒక బూటు తడిసిపోయి ఉంది. తానెక్కడ కూర్చున్నాడో అప్పుడు తెలిసినట్టుంది.

"గడప తొక్కనన్నాను," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ గడప లేదు."

"లేదు," అన్నారు మామగారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. నడినెత్తి మీద కత్తిరించిన చోట కొత్త జుట్టు ముళ్లలా లేస్తోంది. "ఆ రోజు విందులో నేనన్నది తప్పుడు మాట, ఒరాజ్‌బెక్. నువ్వు బద్ధకస్తుడివైతే ఈ లోకంలో పనిచేసేవాడే లేడు. నలుగురూ నవ్వుతుంటే నోరు జారింది."

నాన్న ఆయన నెత్తి మీది గుండ్రాన్ని చూశాడు. మూతి బిగబట్టాడు గానీ ఆగలేదు. "నీ తల మీద హెలికాప్టర్ దిగొచ్చు," అన్నాడు. అంతే, ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఇంజు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టింది.

మర్నాడు పెట్టెలన్నీ రెండు షెడ్లలోంచి లాగి వాగు ఒడ్డునే తగలబెట్టారు. ఎన్నో మంచి పెట్టెలు, చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఆ మందు ఇంక కొట్టొద్దని నేను చెప్పాను. చెట్ల మొదళ్లకు మడతల అట్ట చుట్టి, అందులో గూడు కట్టిన పురుగులను ఏరి కాల్చాలి. మగ పురుగులకు దారి తెలియకుండా తోటంతా ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు ముక్కలు కట్టాలి. "ఒక తోటలో చేసి ఒక తోటలో మానేస్తే దండగ," అన్నాను. "మంద ఒకటే కాబట్టి పనీ ఒకటే." దానితో వాళ్లకు పొద్దున్నే ఒకరి తోటలోకి ఒకరు వెళ్లి, అట్ట సరిగ్గా చుట్టలేదని తిట్టుకునే హక్కు దొరికింది. ఇద్దరి ఆరోగ్యాలూ బాగుపడ్డాయి.

ఇంజు వేడుక మామగారి వాకిట్లో జరిగింది. తాడు ఎవరు కొయ్యాలన్నది మళ్లీ రగడ. చురుకైన మనిషి కోస్తే పిల్ల చురుగ్గా నడుస్తుందంటారు. "నువ్వు కొయ్యి బావా," "నువ్వే కొయ్యి బావా," అని మర్యాదలు మొదలుపెట్టి, "నా చాకుకే పదునెక్కువ," దగ్గరికి వచ్చేసరికి అమ్మ ముందుకొచ్చి కత్తెరతో తాడు టక్కున కోసేసింది. ఇంజు పరుగెత్తి మూడడుగులకే పడి, లేచి, కజీ మాంసం పళ్లెం వైపు నడిచింది. అందరూ మంచి శకునమన్నారు.

మరుసటి ఏడాది పురుగు పోలేదు, పూర్తిగా పోయేది కాదు. కానీ కాయలు బతికాయి, అమ్ముకోగలిగినన్ని బతికాయి. మాకు వచ్చిన కొత్త కష్టం వేరే. నాన్నా, మామగారూ ఇద్దరూ కలిసి కొండ కింది ఊళ్లన్నీ తిరుగుతూ, పిలిచినా పిలవకపోయినా తోటల్లో దిగి ఉపన్యాసాలిస్తున్నారు. పురుగుకు ఏడు తరాలుంటాయని మామగారు, అది పాటలు పాడుతుందని నాన్న. నేను చెప్పిందంతా తలకిందులు చేసి చెబుతున్నారు. చివర్లో మాత్రం ఇద్దరూ ఒకే మాట అంటారట: "అనుమానముంటే మా రౌషన్‌కి పంపండి. తాతల పేర్లతో సహా చెబుతుంది."

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున ఊళ్ల నుంచి వచ్చే బస్సు డ్రైవర్లు మా పరిశోధనశాల గుమ్మంలో జామ్ సీసాలు దింపిపోతున్నారు. మూతలకు కన్నాలు, లోపల పురుగులు, పైన తోట యజమాని పేరు. నిన్న లుద్మీలా పావ్లోవ్నా ఫ్రిజ్‌లోంచి తన పెరుగు సీసాలు తీసేసి, ఒక అర మొత్తం నాకు ఖాళీ చేసి ఇచ్చింది.